రెండో రాణి ముందు ఒక నిమిషం

బస్సు ఎత్తు సగం ఎక్కి, రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. డ్రైవరు దిగి ఇంజను మూత ఎత్తి చూసి, మళ్లీ మూసేసి, "దిగండమ్మా, దిగండి. దీనికీ రిటైర్మెంట్ వయసొచ్చింది" అన్నాడు. ఎవరి సంచులు వాళ్లు పట్టుకుని గొణుక్కుంటూ దిగారు. నాకు గొణుగుడు రాలేదు. తిరగడమే పనిగా పెట్టుకున్నవాడికి బస్సు ఎక్కడ ఆగితే అక్కడే ఊరు.

నా పక్క సీట్లో కూర్చున్నావిడ కూడా దిగింది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. బూడిదరంగు యూనిఫాం కోటు, చేతిలో పెద్ద తాళాలగుత్తి. దారంతా కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూనే ఉంది. ప్రార్థన కాబోలు అనుకున్నాను. కిందికి దిగాక నన్ను తల నుంచి కాళ్ల దాకా ఓసారి కొలిచింది.

"అన్నయ్యగారూ, మీ చెయ్యి ఎంత ఎత్తు అందుతుంది?"

నన్ను ఊరడిగిన వాళ్లున్నారు, పేరడిగిన వాళ్లున్నారు, ఇంత వయసొచ్చినా ఇంటిపట్టున ఎందుకుండవని అడిగిన వాళ్లు బోలెడుమంది. ఈ ప్రశ్న మాత్రం కొత్తది. చెయ్యి ఎత్తి చూపించాను.

"చాలు. నాతో వస్తారా? అరగంట పని. దొంగతనం కాదు, మోసం కాదు. అంటే, ఆ రెండింటికీ కాస్త ఇవతల."

అలా చెప్పాక రానివాడెవడు? ఇద్దరం ఎత్తు మీదికి నడక మొదలుపెట్టాం. పైన కోట బురుజు పొగమంచులో తెలిసీ తెలియకుండా ఉంది.

ఆమె ఆ కోటలో గైడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా రోజుకి మూడుసార్లు, ఒకే గదిలో, ఒకే కథ చెబుతోంది. అక్కడి వాళ్లు పెద్ద ప్రభువు అని పిలుచుకునే రాజు, ఆయన చేసుకున్న ఐదు పెళ్లిళ్లు. తోటి ఉద్యోగులు ఆమెని ఆరో రాణి అంటారట. వెటకారంగా మొదలైన పేరు, ఇప్పుడు జీతాల కాయితం మీద తప్ప అన్నిచోట్లా అదే.

నేను చాలా కోటలు చూశాను. ఏ దేశంలోనైనా వంటశాల విశాలంగా ఉంటుంది, గుర్రాల సాల ఇంకా విశాలంగా ఉంటుంది, రాణుల గదులు మాత్రం ఇరుకు. చదివిన చరిత్రల సంగతీ అంతే. యుద్ధానికి తేదీ ఉంటుంది, పెళ్లికి కారణం ఉంటుంది, పెళ్లాడిన మనిషికి ఒక్కోసారి పేరు కూడా ఉండదు. ఆ ముక్కే పైకి అన్నాను.

"పేర్లు చెప్పినా ఎవరు గుర్తుపెట్టుకుంటారండీ?" అంది. "నేను చెప్పేది ఐదు ముక్కలు. మొదటావిడ సరిహద్దు గొడవ తీరడానికి వచ్చింది, రాజు కన్నా నాలుగేళ్లు పెద్ద. రెండో ఆవిడని తల్లి వెతికి తెచ్చింది. పిల్లలు పుట్టలేదని మేడ మీద బురుజు గదిలో పెట్టారు. పందొమ్మిదేళ్లు ఆ గదిలో కుట్టుపని చేసుకుంటూ ఉండిపోయింది. మూడో ఆవిడ మహా కోపిష్టి. రెండుసార్లు పుట్టింటికి పోతే రెండుసార్లూ ఆయనే వెళ్లి బతిమాలి తెచ్చుకున్నాడు. దేశాలు గెలిచాడు గానీ ఇంట గెలవలేదు. నాలుగో ఆవిడ పాటకత్తె కూతురు, ప్రాణం ఆయనకి. ఆమె కోసం కొలనులు తవ్వించాడు. ఇరవై మూడేళ్లకే పోయింది. ఐదో ఆవిడ ముసలితనంలో మందులివ్వడానికి. ఆయన పోయాక నలభై ఏళ్లు బతికింది. అంతే కథ."

"బాగుందమ్మా."

"బాగుంటుంది, ఒకసారి వింటే. ప్రతి గుంపులోనూ ఒక మొగుడు ఉంటాడు. 'ఒక్కదానితోనే వేగలేక చస్తున్నా, ఐదుగురితో ఎలా వేగాడండీ' అంటాడు. తనే మొదట కనిపెట్టినట్టు. నవ్వకపోతే చిన్నబుచ్చుకుంటాడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా నవ్వుతున్నాను అన్నయ్యగారూ. నాకు నోరు నొప్పి కాదు, దవడ నొప్పి."

ఓ మైలురాయి మీద కూర్చుంది. ఆయాసం తీర్చుకుంటూ అసలు సంగతి చెప్పింది.

పదకొండేళ్ల కిందట ఆ గది గోడలకి చెమ్మ పట్టి సున్నం వెయ్యాల్సి వచ్చింది. వడ్రంగి ఐదుగురు రాణుల పటాలూ దించి, వెనకాల సుద్దముక్కతో అంకెలు వేసి గోడకి ఆనించి పెట్టాడు. తిరిగి తగిలించే రోజున ఈమె ముందే వెళ్లి, మళ్లీ కొత్త గోడకి దుమ్మంటుతుందని, తడిగుడ్డ పెట్టి పటాల వెనకవైపు శుభ్రంగా తుడిచేసింది. అంకెలు కూడా.

"మొహాలు తెలుసు కదా?"

"అదే కదండీ. గైడు ఎటు తిరిగి నిలబడుతుంది? జనం వైపు. ఇరవై ఏళ్లు వాళ్ల కథ వాళ్లకి వీపు చూపించే చెప్పాను. వడ్రంగి నిచ్చెన మీద నుంచి 'ఇదేనా అక్కా?' అన్నాడు. తెలియదు అనడానికి సిగ్గేసింది. 'అదే, తగిలించు' అన్నాను."

రెండేళ్లు గడిచాక ఓ దర్జీ ఆవిడ చూడడానికి వచ్చిందట. కొలనుల రాణి పటం ముందు ఆగి, "ఇంత గారాబంగా చూసుకున్న మనిషికి ఈ టోపీ ఎందుకమ్మా?" అంది. అప్పుడు ఈమె వెనక్కి తిరిగి చూసింది. పటంలో రాణి నడిమి వేలికి, సూది గుచ్చుకోకుండా కుట్టేవాళ్లు తొడుక్కునే చిన్న ఇత్తడి టోపీ. రెండో రాణి నాలుగో రాణి చోట వేలాడుతోంది. కిటికీ పక్కన, మంచి వెలుతురులో. నాలుగో ఆవిడేమో మెట్ల పక్క చీకట్లో రెండో ఆవిడ బతుకు మోస్తోంది. ఇంకో విచిత్రం, గేటు దగ్గర అమ్మే పాత పుస్తకంలో బొమ్మలు సరిగ్గానే ఉన్నాయి. జనం ఆ పుస్తకం చేత్తో పట్టుకునే తప్పు మొహాలు చూసిపోతున్నారు.

"ఎవరికీ చెప్పలేదా?"

"మొదటి ఏడాది భయం. ఆ తర్వాత..." తాళాలగుత్తి ఒళ్లో పెట్టుకుంది. "ఆ తర్వాత నాకే ముచ్చటేసింది. పందొమ్మిదేళ్లు ఒక్కరూ తలుపు తీసి చూడని మనిషి. నా పొరపాటు పుణ్యమా అని రోజూ నలుగురూ ఆమెని చూసి 'ఎంత ప్రేమించాడో!' అంటున్నారు. అననీ, ఎవరి సొమ్మేం పోయింది అనుకున్నాను."

"మరి ఇప్పుడేమొచ్చింది?"

"ఇవాళ తొమ్మిదింటికి నా గొంతు రికార్డు చేస్తారు. చెవులకి తగిలించుకునే మెషీన్లు వచ్చాయి. ఈ వారంతో గైడ్ల పని అయిపోయింది. నోటితో చెప్పింది గాల్లో పోతుంది, రేపు దిద్దుకోవచ్చు. మెషీన్లో పడ్డాక నేను పోయినా నా గొంతు ఆ అబద్ధం చెబుతూనే ఉంటుంది. అయినా బాగోలేని బతుకైనా ఆమె బతుకు ఆమెది కదండీ. దాన్ని ఇంకొకళ్లకి తగిలించడానికి నేనెవర్ని?"

ఆఫీసరుకి నెల కిందటే చెప్పిందట. ఆయన, "ఎవరు ఎవరైతే ఏముందమ్మా, అందరూ రాణులేగా. పటం దించాలంటే కమిటీ కూర్చోవాలి" అన్నాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోవచ్చు. కానీ చెరిపింది ఈ చెయ్యే. ఆ వడ్రంగి పోయాడు. నాకు నిచ్చెన ఎక్కితే కళ్లు తిరుగుతాయి. నెల్లాళ్లుగా బస్సులో పొడుగు మనిషి కోసం చూస్తున్నాను. ఇవాళ దొరికారు, ఆఖరు రోజున."

మళ్లీ నడిచాం. ఇంట్లో ఎవరెవరు అని అడిగాను. అడక్కూడని వయసు నాది కాదు గదా.

"మా అన్నయ్య వాళ్లిల్లు. మేడ మీద గది నాది. పిల్లలు లేరని మా ఆయన ఇంకొకావిడని తెచ్చుకున్నాడు. నన్ను పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు. నేనే వచ్చేశాను. ముప్ఫై రెండేళ్లయింది. మా వదిన మంచిదే. అన్నం పెడుతుంది, మాట పెట్టదు."

ఆమె మళ్లీ పెదవులు కదుపుతూ నడిచింది. అది ప్రార్థన కాదని, పాఠమని, అప్పటికి తెలిసింది.

పక్క వాకిలి దగ్గర కాపలాదారు కళ్లు నులుముకుంటూ నన్ను చూసి, "ఎవరక్కా?" అన్నాడు.

"మా పెద్దన్నయ్య. కోట చూస్తానంటే తెచ్చాను."

"ఆరో రాణిగారికి అన్నయ్యంటే మనకి రాజుగారే. పొండి సార్, పొండి."

పొడుగాటి గది. సున్నం వాసన పోయి మళ్లీ చెమ్మ వాసన మొదలైంది. ఆమె ఒక్కో కిటికీ తలుపూ తీసింది, రోజూ తీసే వరసలో. నేను ఎక్కిన స్టూలు కదలకుండా గట్టిగా పట్టుకుంది. పటాలు చూడడానికి చిన్నవే గానీ చట్రాలు బరువు. కొలనుల చోటు నుంచి రెండో రాణిని దించి ఆమె చేతికిచ్చాను. గుండెకి ఆనించుకుని, గది ఈ చివర నుంచి ఆ చివరకి మోసుకెళ్లింది. మధ్యలో ఒకసారి ఆగింది.

"బరువా అమ్మా? నేను పట్టుకోనా?"

"బరువు కాదు. వెలుతుర్లోంచి తీసుకుపోతున్నాను కదా. ఒక్క క్షణం."

మెట్ల పక్కన తగిలించాను. నాలుగో ఆవిడని కిటికీ పక్కకి తెచ్చాం. తగిలించాక ఆమె కొంగుతో తుడిచినట్టుగా కోటు చేతితో చట్రం తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "తుడవడం చాలు ఈ జన్మకి" అంది.

తొమ్మిదింటికి ఆఫీసరు వచ్చాడు, వెంట రికార్డింగు మనిషి. ఆఫీసరు గది మధ్యలో నిలబడి నాలుగు వైపులా చూసి, "కిటికీలు ఇవాళ బాగా తుడిచినట్టున్నారే" అన్నాడు. అంతే. పదకొండేళ్ల తప్పు ఎవరికీ కనబడలేదు, దిద్దినా ఎవరికీ కనబడలేదు. ఆమె నా వైపు చూసి దవడ రుద్దుకుంది.

మొదటి రాణి కథ ఒక్క ఊపులో చెప్పేసింది. తర్వాత మెట్ల పక్క పటం ముందుకి వెళ్లింది. ఈసారి వీపు మాకు, మొహం పటానికి. బురుజు గది, పందొమ్మిదేళ్లు, కుట్టుపని. గొంతులో ఎత్తుపల్లాలు లేవు, అలసట తప్ప. కాయితం మీద ఉన్నది అయిపోయాక, లేనిది ఒకటి చెప్పింది.

"ఒక్క నిమిషం ఇక్కడ నిలబడండి."

ఆపై మాట లేదు. రికార్డింగు మనిషి చేత్తో సైగ చేశాడు. ఆమె కదల్లేదు. గోడ గడియారం చూస్తూ నిలబడి, సరిగ్గా నిమిషానికి, "ఇక ముందుకి నడవండి" అంది.

"మధ్యలో ఖాళీ వచ్చిందమ్మా, కోసేస్తాను" అన్నాడతను.

"కొయ్యకు బాబూ. అది ఖాళీ కాదు."

"జనం మెషీన్ పాడైందనుకుంటారు" అన్నాడు ఆఫీసరు.

"అనుకోనివ్వండి సార్. పాడైందా, బాగైందా అని అటూ ఇటూ చూస్తారు. ఎదురుగా ఆమె ఉంటుంది. నాకు వీడ్కోలు సభ పెడతానన్నారు కదా, ఉపన్యాసాలతో? అది మానేసి ఈ నిమిషం ఉంచెయ్యండి."

ఉపన్యాసం తప్పుతుందంటే కాదనే ఆఫీసరుని నేను ఏ దేశంలోనూ చూడలేదు. ఈయనా కాదనలేదు.

మిగతా ముగ్గురి కథా అయ్యేసరికి పది దాటింది. కొలనుల రాణి దగ్గర ఆమె గొంతు కాస్త తడబడింది. పదకొండేళ్ల తర్వాత ఆ మొహానికి ఆ కథ, అలవాటు తప్పి ఉంటుంది. రికార్డింగు మనిషి మెషీను ఒకటి తెచ్చి నా చెవులకి తగిలించాడు. "పెద్దాయనా, మీరే మొదటి శ్రోత. విని చెప్పండి."

నడిచాను. మొదటి పటం, తర్వాత మెట్ల పక్క చీకటి. చెవిలో ఆమె గొంతు నిలబడమంది, నిలబడ్డాను. మాట ఆగింది. చేసేదేమీ లేక పటం చూశాను. ఇత్తడి టోపీ పెట్టిన వేలు కొద్దిగా వంగి ఉంది. ఒళ్లో గుడ్డ అంచున ఇంకా కొరకని దారం వేలాడుతోంది. బొమ్మ వేసినవాడు కూచోబెడితే పని మధ్యలో లేచి వచ్చిన మనిషి. తొందరగా అయిపోతే మళ్లీ వెళ్లి కుట్టుకుందామని చూస్తున్న చూపు. నేను పొద్దున ఈ మనిషినే రెండు చేతులతో ఎత్తుకున్నాను, మొహం చూడలేదు.

నిమిషం ఇంత పొడుగని అంతకుముందు తెలియదు.

"ఇక ముందుకి నడవండి" అంది చెవిలో గొంతు.

బాగుందమ్మా అని చెబుదామని వెనక్కి తిరిగాను. రికార్డింగు మనిషి తీగలు చుడుతున్నాడు. స్టూలు గోడ దగ్గర తన చోట ఉంది. దాని మీద తాళాలగుత్తి. కిటికీలోంచి చూస్తే ఆమె అప్పటికే వాకిలి దాటి, దిగుడు బాటలో బస్సు ఆగిపోయిన వైపుకి నడుస్తోంది. కోటు విప్పి చేతి మీద వేసుకుంది. పెదవులు కదులుతున్నాయో లేదో అంత దూరం నుంచి తెలియలేదు.