వరస పక్కన పేరు

ఇంజనీరింగు చదువు ముగిసిన ఏడాదికి నాకు జమ్మలమడుగు అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. మా నాయనకు ప్రొద్దుటూరులో గుడ్డల అంగడి. నేను ఫ్యాక్టరీకి పోవడం ఆయనకు ఇష్టం లేదు. ఆడపిల్ల ఉద్యోగం చేయడం గురించి కాదు ఆయన బెంగ. ఆ దారిలో రెండు నెలల ముందు ఒక జీపు మీద బాంబులు పడ్డాయి. చివరికి మా మధ్య ఒక ఒప్పందం కుదిరింది. కంపెనీ బస్సులోనే పోవాలి, కిటికీ పక్కన కూర్చోకూడదు, దారిలో బస్సు ఎందుకు ఆగినా దిగకూడదు.

కంపెనీ బస్సులు రెండుండేవి. ఒక పార్టీ ఊళ్లవాళ్లకు ఒకటి, ఇంకో పార్టీ ఊళ్లవాళ్లకు ఒకటి. ఇది ఎక్కడా రాసిపెట్టి లేదు. ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో ఇద్దరు నాయకులూ చెరొక జాబితా పంపారట, ఉద్యోగాలన్నీ వాటి ప్రకారమే ఇచ్చారట. క్యాంటీనులో కూర్చునే బల్లలు కూడా అలాగే పంచుకున్నారు. నేను ప్రొద్దుటూరు అంగడివాళ్ల పిల్లను కాబట్టి ఏ బస్సు ఎక్కినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. అంగడివాళ్లకు పార్టీ ఉండదని అందరి లెక్క. నా లెక్క కూడా అదే.

నా పని కంట్రోల్ రూములో. కొలిమి వేడి, ఫ్యాన్లు, బెల్టులు, గేట్లు అన్నింటినీ ఒక కంప్యూటరు నడిపేది. సెకనుకు పదిసార్లు అది అన్నింటినీ చూసుకుని, దేన్ని ఆపాలో దేన్ని నడపాలో తేల్చుకునేది. ఎలా తేల్చుకోవాలో మేము ఒక ఫైలులో రాసి ఇవ్వాలి. అందుకోసం ఒక చిన్న భాష ఉండేది. ఈ బేరింగు వేడి ఇంత దాటితే ఆ మోటారు ఆపు, ఈ తాడు లాగితే ఆ బెల్టు ఆపు, ఇలా వరసకొక ఆజ్ఞ. అటువంటి వరసలు రెండు వేలకు పైగా ఉండేవి.

ఆ భాషతో ఒక చిక్కు ఉంది. ఎక్కడైనా ఒక అక్షరం తప్పు పడితే కంప్యూటరు తప్పని చెప్పేది కాదు. ఆ వరసను మాత్రం వదిలేసి మిగతావి చేసుకుంటూ పోయేది. ఆగాల్సిన మోటారు ఆగనప్పుడు గానీ మాకు తప్పు తెలిసేది కాదు. అందుకని నేను నాలుగు నెలలు కూర్చుని ఒక ప్రోగ్రాం రాశాను. ఫైలును ఎవరు మార్చినా అందులోనే మార్చాలి. తప్పు పేర్లను అది ఎర్రగా చూపించేది. ఒకే మోటారుకు రెండు ఆజ్ఞలు ఒకదానికొకటి అడ్డం వస్తే చెప్పేది. ఆ వరసలన్నీ సెకనులో పదో వంతులోపల చూడడం కంప్యూటరుకు సాధ్యమో కాదో కూడా లెక్కకట్టేది. మేమంతా దాన్ని 'తనిఖీ' అనేవాళ్లం.

తనిఖీని తయారు చేయడంలో నాకు ఎక్కువ సాయం చేసింది ఒక ఆపరేటరు. నలభై ఏళ్లు దాటిన మనిషి, పులివెందుల వైపు పల్లెవాడు. ఇంటి దగ్గర వాళ్లకు గొర్రెల మంద ఉండేది. తమ్ముడు మేపుకునేవాడు, ఈయన ఐటీఐ చదివి ఇటు వచ్చాడు. నా ప్రోగ్రాం తప్పులను ఇంగ్లీషులో చెబుతుంటే ఆయన ఒకరోజు నవ్వాడు.

"ఇంత పొడుగు ఇంగ్లీషు ఎవురు సదువుతారు మేడం? 'ఈ పేరు యాడా లేదు' అని రాయండి సాలు."

అప్పట్లో ఆ తెర మీద తెలుగు అక్షరాలు వచ్చేవి కావు. ఇంగ్లీషు అక్షరాల్లోనే ఆ మాట రాశాను. ఆపరేటర్లంతా తెర ముందుకు వచ్చి చదువుకుని సంబరపడ్డారు. రెండు బస్సులవాళ్లూ ఒకే తెర ముందు నిలబడడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ ఏడాది ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. ఫైలులో ఎవరో ఏదో మారుస్తున్నారు, అడిగితే ఎవరూ ఒప్పుకోవడం లేదు. మా మేనేజరు నన్ను పిలిచి, ఏ వరస ఎవరు మార్చారో పక్కన పేరు పడేటట్టు చేయమన్నాడు. ఆయన బయటి జిల్లా మనిషి. నాకు అది మంచి ఆలోచన అనిపించింది. రెండు రోజుల్లో చేసి, ముందు ఆ ఆపరేటరుకు చూపించాను.

ఆయన చాలాసేపు తెరనే చూశాడు. "తప్పు యాడుందో సూపిస్తాండాది కదా మేడం. అది సాలదా?"

"ఎవరు మార్చారో తెలిస్తే వాళ్లనే అడగొచ్చు కదా."

"మీ ఆఫీసులో అయితే అడుగుతారు. మా పక్క అడగరు." అడగకపోతే ఏం చేస్తారని నేను అడగలేదు. చదువుకున్న పిల్లను, కొత్తగా ఒక పని చేసి చూపించిన ఉత్సాహంలో ఉన్నాను. ఆ మాటను పాతకాలపు భయం కింద తీసిపారేశాను.

మూడు వారాల తర్వాత, పొద్దున పదకొండు గంటలప్పుడు, కొలిమి నుంచి వచ్చే బెల్టు దగ్గర ఒక కార్మికుడి కుడి చెయ్యి రోలరులో ఇరుక్కుంది. బెల్టు పక్కన పొడుగునా ఒక తాడు ఉంటుంది. ఏదైనా అయితే దాన్ని లాగాలి, లాగిన క్షణమే బెల్టు ఆగాలి. పక్కనున్నవాళ్లు తాడు లాగారు. బెల్టు ఆగలేదు. కాసేపటికి ఆగింది గానీ అప్పటికే ఆలస్యమైంది. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో మోచేతి పైదాకా తీసేశారు. ఆయన జమ్మలమడుగు దగ్గరి పల్లెవాడు, అంటే నాకు సాయం చేసిన ఆపరేటరు ఎక్కే బస్సు కాదు, రెండో బస్సు మనిషి.

మేనేజరూ నేనూ ఫైలులో ఆ బెల్టు వరస ఒక్కటే తెరిచి చూశాం. తాడు లాగిన వెంటనే ఆపమని ఉండాల్సిన వరసలో, అయిదు సెకండ్లు ఆగి ఆపమని ఉంది. వరస పక్కన పులివెందుల ఆపరేటరు పేరు.

మేనేజరు ఆ ఒక్క పేజీ ప్రింటు తీసి పెద్దాఫీసుకు పంపాడు. సాయంత్రం బస్సు బయలుదేరేలోపల దాని నకలు జమ్మలమడుగులో ఆ పార్టీవాళ్ల చేతుల్లో ఉంది. ఎవరిచ్చారో ఈరోజుకీ తెలియదు. 'ఎలక్షన్ల ముందు మనోడి చెయ్యి తీపించినారు' అని ఊళ్లో అప్పుడే మాట పుట్టింది. ఆపరేటరును ఫ్యాక్టరీ జీపులోనే వెనక గేటు నుంచి పంపించేశారు. పోయేముందు ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"ఆ వరస నేను ముట్టలేదు మేడం. ఈ పొద్దున నేను మార్చింది ఫ్యాను బేరింగు వేడి ఒక్కటే. మీ కంప్యూటరు నా పేరెందుకు రాసింది?"

వెనక గేటు దగ్గర జీపు హారను కొట్టింది, ఆయన వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఫైలు మొత్తం తెరిచాను. ఆ వరస పక్కనే కాదు, రెండు వేల వరసల పక్కనా ఆయన పేరే ఉంది. ఎందుకో పది నిమిషాల్లో అర్థమైంది. ఫైలును సేవ్ చేసి దాచేటప్పుడు వరసలన్నీ చూడడానికి పొందికగా ఉండాలని తనిఖీ ప్రతిసారీ ఖాళీలను కొత్తగా సర్దేది. అది అంతకుముందే నేను పెట్టిన సదుపాయం. ఖాళీ ఒక్కటి జరిగినా పేర్లు రాసే భాగం దాన్ని మార్పు కింద లెక్కవేసింది. అంటే చివరగా ఫైలు దాచిన మనిషి పేరు అన్ని వరసలకూ పడుతుంది. తప్పు నాది. పాత నకళ్లు వెతికాను. నా దగ్గరున్న అన్నింటికంటే పాత ఫైలులో కూడా ఆ అయిదు సెకండ్లు ఉన్నాయి. అప్పటికి నేను ఆ ఉద్యోగంలో చేరనే లేదు. బెల్టు ఊరికే ఆగిపోతోందని ఎవరో ఎప్పుడో పెట్టి ఉంటారు. ఎవరన్నది చెప్పే దారి లేదు.

ఇంకొకటి కూడా కనబడింది. కంట్రోల్ రూములో ఎప్పుడు ఏ మీట నొక్కినా టైముతో సహా నమోదవుతుంది. తాడు లాగిన మూడో సెకనులో ఆ ఆపరేటరే తెర మీద చూసి, చేత్తో మీట నొక్కి బెల్టు ఆపాడు.

ఈ కాగితాలు పట్టుకుని మేనేజరు దగ్గరికి పోయాను. ఆయన అన్నీ చదివి బల్ల మీద బోర్లించాడు. "ఇప్పుడిది బయటపెడితే మొదటినుంచీ ఫైలు తప్పని మనమే ఒప్పుకున్నట్టు. పెద్దాఫీసుతో మాట్లాడతాను. అప్పటిదాకా ఎవరితోనూ అనొద్దు."

ఇంటికి వచ్చి నాయనకు చెప్పాను. ఆయన అంగడిలో గుడ్డ మడతపెడుతూ విన్నాడు. మడత పెట్టిందే మళ్లీ పెట్టాడు.

"రెండు పక్కలవాళ్లూ మన అంగడికొస్తారు పాపా. ఒగరి పక్క మాట్లాడినావని తెలిస్తే ఇంగొగరు మన గడప తొక్కరు. తొక్కకపోతే పోనీ, ఊరికే ఉంటారా? మేనేజరు చెప్పినాడు కదా, ఆయన్నే చూసుకోనీ."

నేను ఊరుకున్నాను. ఒకరోజు గడిచింది. ఇంకొకరోజు కూడా గడిచింది. ఆ రెండు రోజులూ ఫ్యాక్టరీకి పోయి, ఖాళీలు సర్దే భాగాన్ని బాగుచేసి, వరసలో అయిదు తీసి సున్నా పెట్టి, ఏదో చేస్తున్నానని అనుకున్నాను. మూడో రోజు పొద్దున బస్సులో వినబడింది. ముందురోజు రాత్రి పులివెందుల వైపు పల్లెలో ఆపరేటరు వాళ్ల గడ్డివామి, గొర్రెల దొడ్డి తగలబెట్టారని. గొర్రెలు లోపలే ఉన్నాయని. తమ్ముడు దొడ్డి తలుపు తీయబోయి రెండు చేతులూ కాల్చుకున్నాడని.

నేను ఆ బస్సు దిగేశాను. ఎదురుగా వచ్చిన బస్సు ఎక్కి ప్రొద్దుటూరు ఆసుపత్రికి పోయాను. చేతిసంచిలో ఆ కాగితాల నకళ్లు అప్పటికే ఉన్నాయి.

చెయ్యి పోయినాయన మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు. పక్కన ఆయన అన్న, గుమ్మం దగ్గర ఇంకో ముగ్గురు. నేను ఎవరో చెప్పాను. అంగడి పేరు కూడా చెప్పాను. తర్వాత వాళ్లకు అర్థమయ్యేటట్టు, భాష సంగతి, ఫైలు సంగతి, ఖాళీల సంగతి, మొత్తం చెప్పాను. చెప్పిందే రెండుసార్లు చెప్పాను.

అన్న విని అడిగాడు. "అయితే ఎవురూ చేయలేదంటావా? మా వాని చెయ్యి దానంతటదే పోయిందా?"

"ఎవరో చేశారన్నా. ఎవరో నాకు తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు. ఆయన మాత్రం కాదు. ఆయన పేరు అక్కడ పెట్టింది నేను."

"తెలీదు అని మేము ఊర్లో చెప్పుకోవాల్నా?"

కాగితాలు చాపి, మూడో సెకను దగ్గర వేలు పెట్టి చూపించాను. అంతవరకూ కళ్లు మూసుకుని ఉన్న మంచం మీదాయన అప్పుడు మాట్లాడాడు.

"బెల్టు ఆగకుండా ఇంకో రెండు సెకండ్లు పోయింటే భుజం, తల గూడా పోయిండేవి. నేను ఆడున్న్యా కదన్నా, నాకు తెలుసు. ఆపిన మనిషి ఆయప్పేనంటే, మనం ఆయప్పను ఏం చేసినాం?"

అన్న కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు ఇంటికి పోమ్మా. ఈడికొచ్చినట్టు ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు. ఆ గొంతులో కోపం ఉందో, నా మీద జాలి ఉందో నాకు తెలియలేదు.

ఆ తర్వాత ఆ కుటుంబం జోలికి ఎవరూ పోలేదని విన్నాను. కాగితాలు నాయకుడి దాకా పోయాయో, ఆ అన్నే తన ఊరివాళ్లను ఆపాడో తెలియదు. మా అంగడికి కొన్నాళ్లు ఒక పక్కవాళ్లు రావడం మానేశారు. నాయన నన్ను ఏమీ అనలేదు. కానీ ఆరు నెలలపాటు అంగడి మూసి ఇంటికి వచ్చేటప్పుడు మా మామను తోడు పిలుచుకునేవాడు. ఫ్యాక్టరీలో నాకు హెచ్చరిక కాగితం ఇచ్చారు. చెయ్యి పోయినాయనకు గేటు దగ్గర రాసుకునే పని ఇచ్చారు. ఆయన ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. ఆపరేటరు మళ్లీ రాలేదు.

ఆయన దువ్వూరు దగ్గర భార్య పుట్టింటివాళ్ల చేలో ఉన్నాడని ఏడాది తర్వాత తెలిసింది. ఒక ఆదివారం పోయాను. చేను గట్టున నన్ను చూసి ఆయన లేచి నిలబడ్డాడు. ముందులాగే "రాండి మేడం" అన్నాడు. తమ్ముడి చేతులు కొంచెం బాగయ్యాయనీ, వేళ్లు పూర్తిగా ముడవడం లేదనీ చెప్పాడు. కంపెనీకి మళ్లీ రమ్మని నేను అడగబోతుంటే ఆయనే ఆపాడు.

"ఆడికి రాలేను మేడం. మీ మీద కోపం లేదు. మీరు పోయి చెప్పినారని విన్న్యా."

ఆయన భార్య కొట్టం ముందు శనక్కాయలు ఒలుస్తోంది. నన్ను కూర్చోమనలేదు. నేను ఆయనకు క్షమాపణ చెబుతుంటే ఆమె చేట పక్కనపెట్టి నా వైపు తిరిగింది.

"ఆయప్ప కాదని నీకు ఎప్పుడు తెలిసింది?"

"మర్నాడే తెలిసింది అక్కా."

"మా దొడ్డి కాలింది మూడో నాడు. ఆ మధ్యలో నువ్వు ఏం చేస్తాంటివి?"

ఆయన "ఊరుకో మే" అన్నాడు. ఆమె ఊరుకోలేదు, జవాబు కోసం చూస్తూనే ఉంది.

"భయపడినాను" అన్నాను.

ఆమె చేట మళ్లీ ఒడిలోకి తీసుకుని, కాయలు ఒలవడం మొదలుపెట్టింది. ఆయన నన్ను రోడ్డు దాకా సాగనంపాడు. మైదుకూరు బస్సు వచ్చేదాకా నాతోపాటు ఎండలో నిలబడ్డాడు.