ఇరవైమూడో మనిషి

సామిల్లు వీధిలో ఎవరెవరికి ఊపిరితిత్తుల జబ్బుందో హెల్వి పేర్లతో సహా బయటపెట్టేసిందన్న మాట పచ్చి అబద్ధం. గణాంకాల ఆఫీసులో ముప్పైయేళ్ళుగా చేస్తున్న మనిషిని అంత మాట అనేముందు కాస్త ఆగాల్సింది.

జరిగింది ఇది. రంపపు పొట్టు ఎంతమంది ఊపిరి తినేసిందో తేల్చాలని ఓని అనే పరిశోధకుడు ఆ ఆఫీసుకి నాలుగుసార్లు వచ్చాడు. ప్రతిసారీ పట్టికలో మన వీధి గడిలో చుక్కే. ఐదుగురికి లోపయితే అంకె వేయరు. అంకెని బట్టి ఫలానా మనిషని పోల్చుకుంటారని చుక్క పెడతారు. ఏడాదికి ఇద్దరో ముగ్గురో, పదేళ్ళూ చుక్కలే. వాటిని చూపించి మిల్లువాళ్ళు "అక్కడ జబ్బే లేదు" అన్నారు. హెల్వికి కుర్చీలో కుదురు లేకుండా పోయింది. పదేళ్ళనీ ఒకే గడిలో కలిపి ఇద్దాం, ఎవరి గుట్టూ బయటపడదు అని పైవాళ్ళకి రెండేళ్ళపాటు రాస్తూనే ఉంది. చివరికి ఒప్పుకున్నారు. మే నెలలో అందరూ చూసుకునేలా అంకె వచ్చింది: ఇరవైమూడు.

ఓని పని కదిలింది. వీధి మాత్రం కాఫీ కప్పుల ముందు కూర్చుని వేళ్ళు మడిచింది. ఇరవైరెండు పేర్లు ఇట్టే దొరికాయి. అంతే, పేర్లు ఇంత తేలిగ్గా తేలాయంటే హెల్వే చెప్పి ఉంటుందన్నారు. పలకరింపులు మానేశారు.

శనివారం, తివాచీలు ఉతికే రేవులో బాల్టిక్ సముద్రపు గాలి సబ్బు నురగని ఎగరగొడుతోంది. హెల్వి అదే పీలికల తివాచీని ఆ వారంలో మూడోసారి తోముతోంది. పక్కనున్న ఉతుకుబల్ల మీంచి లెంపి, వీధికంతటికీ పెద్దదిక్కు, చూసి చూసి బ్రష్షు పడేసింది.

"ఏమే, అదేం పాపం చేసింది? రంగెలాగూ పోయింది, నేత కూడా పోవాలా?"

"చేతులు ఊరుకోవట్లేదక్కా."

"మరి నోరు ఊరుకుందా? మా ఆయన పేరు చెప్పావా, లేదా?"

"బావగారి దగ్గు అవతల పడవలవాళ్ళక్కూడా వినిపిస్తుంది. మధ్యలో నేనెందుకు చెప్పడం?"

లెంపికి నవ్వొచ్చింది, బిగబట్టుకుంది. "సరే, అన్ని పేర్లూ తెలిసినదానివి కదా. ఆ ఇరవైమూడోవాళ్ళెవరు?"

హెల్వి చేతిలో బ్రష్షు ఆగింది.

"మా దగ్గరికి పేర్లు రావక్కా, అంకెలే వస్తాయి. తెలిస్తే దీన్ని ఇన్నిసార్లు ఉతుకుతానా? మన మధ్యే తిరుగుతూ ఎవరో దగ్గు దిగమింగుకుంటున్నారు. మే నుంచీ ప్రతి గుమ్మం దగ్గరా ఆగి చెవి ఒగ్గుతున్నా. నువ్వూ విను."