అర దరువు ఆలస్యం

ఆవిడ అసలు పేరు క్లాసులో ఎవరికీ పట్టదు. అందరికీ ఆవిడ స్టెప్పులక్క. టైర్ల కొట్టు మీది అంతస్తులో, ఒక గోడంతా అద్దాలున్న హాల్లో, పొద్దున్నే ఆరింటికి పాటలు పెట్టి డాన్సు వ్యాయామం చేయిస్తూ ముప్ఫైమంది ఆడవాళ్లకి చెమటలు కక్కిస్తుంది. పళ్ల డాక్టరు, బ్యాంకు క్యాషియరు, ఇద్దరు ముగ్గురు బడి టీచర్లు, వీళ్లందరినీ మించి ఒక అత్తాకోడళ్ల జంట. కోడలిది ముందు వరస, అత్తగారిది చివరి వరస. తను మానేస్తే రెండోవాళ్లు ఎక్కడ సన్నబడిపోతారోనన్న భయంతో ఆరేళ్లుగా ఇద్దరూ ఒక్కరోజు నాగా పెట్టలేదు.

నలభై నాలుగో ఏడు వచ్చేదాకా స్టెప్పులక్క ఒక ఆఫీసులో టైపిస్టు. కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తే డాక్టరు కాస్త కదలమన్నాడు. కదలడం మొదలుపెట్టిన మనిషి ఇక ఆగలేదు. శిక్షణ పూర్తిచేసి, ఉద్యోగానికి దణ్ణం పెట్టి, టీచరయిపోయింది. నేర్పేవన్నీ లాటిన్ అమెరికా ఆటలు. మెరెంగే అంటే కవాతే, నడక వచ్చినవాళ్లందరికీ వస్తుందంటుంది. సల్సాలో నాలుగో దరువు దగ్గర ఊపిరి తీసుకోవాలి. రెగెటన్‌కి సిగ్గు ఇంట్లో వదిలి రావాలి. ఆవిడకి ప్రాణం మాత్రం కుంబియా. ఒక కాలు నేలమీద పాతినట్టు ఉంచి, రెండో కాలు వెనక్కి ఈడుస్తూ వేసే ఆట. కొలంబియా సముద్ర తీరంలో, కాళ్లకి సంకెళ్లున్న బానిసలు అంతకంటే పాదం లేపలేక అలా ఈడ్చారని, అదే ఆటగా మారిందని చెప్పుకుంటారు. అందులో నిజమెంతో ఎవరికీ తెలీదు గానీ, ఆ మాట విన్నాక క్లాసులో ఎవరూ ఆ స్టెప్పుని తేలిగ్గా తీసుకోరు.

ఇంటాయన బస్సు డ్రైవరు. "నా కాళ్లకి క్లచ్చీ బ్రేకూ తప్ప ఇంకేం తెలీదే" అనేవాడు. ఆవిడ టీచరైన ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా హాలు మెట్లెక్కలేదు. ఆడవాళ్లు గెంతుతుంటే తనొచ్చి నిలబడితే ఏం బాగుంటుందని వంక. ఆవిడ పైకి నవ్వేసేది గానీ, తన పని తన మనిషే చూడలేదన్న వెలితి లోపల ఉండనే ఉంది.

ఆయన రిటైరైన ఏడాదికి పక్షవాతం వచ్చింది. ముప్ఫై ఏళ్లు క్లచ్ తొక్కిన ఎడమ కాలే పడిపోయింది. ఫిజియోథెరపిస్టు వచ్చి పట్టుకుని నడిపించబోతే గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఊరందరినీ మోసుకు తిరిగిన మనిషికి ఇంకొకరి భుజం మీద వాలడమంటే చచ్చేంత నామోషీ. మూడు నెలలు ఇంట్లో సరిగ్గా మాటే లేదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ నడవలో ఫోను పెట్టి కుంబియా పాట వేసింది. ఆయన్ని లేపి నిలబెట్టి, ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టుకుంది.

"ఈ ఆటలో కాలు ఈడవాలండీ. మీరెలాగూ ఈడుస్తున్నారు. సగం వచ్చేసినట్టే."

వంకర పోయిన మూతితోనే ఆయన నవ్వాడు. జబ్బు పడ్డాక అదే మొదటి నవ్వు.

మంచం నుంచి వంటిల్లు పద్నాలుగు అడుగులు. ఆవిడ వెనక్కి నడిచేది, ఆయన ముందుకి. ఆ ఎడమ కాలు ఎప్పుడూ అర దరువు ఆలస్యంగా వచ్చేది. తొందరపెడితే కూలబడిపోతాడు. అందుకని ఆవిడే తన కుడి కాలుని ఆపుకుంది. ఆయన పాదం వచ్చి చేరేదాకా తన పాదాన్ని కదలనిచ్చేది కాదు. రోజుకి మూడుసార్లు, నాలుగు నెలలు అలా నడిచారు.

ఒకరోజు క్లాసయ్యాక కోడలు నీళ్ల సీసా మూత తిప్పుతూ అడిగింది. "అక్కా, కుంబియాలో కాలు కాస్త లేటుగా వేయిస్తున్నారు. కొత్త స్టెప్పా?"

ఆవిడకి అర్థం కాలేదు. మర్నాడు పాట పెట్టి అద్దంలో జాగ్రత్తగా చూసింది. ముప్ఫైమందీ అర దరువు వెనకబడి కాలు ఈడుస్తున్నారు. టీచరు తప్పు వేస్తే క్లాసంతా శ్రద్ధగా అదే తప్పు వేస్తుంది, ఈ పనిలో ఉన్న తంటా అదే. ఆవిడకి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లనిండా నీళ్లొచ్చాయి.

ఇంటికెళ్లి ఆయనకి చెప్పింది.

"ముప్ఫైమందీ నాలాగేనా?"

"చివరి వరసలో అత్తగారితో సహా."

"అయితే నేను వచ్చి చూడాల్సిందేనే."

హాలుకి ఇరవై రెండు మెట్లు, లిఫ్టు లేదు. ఆ రోజు నుంచి ఆయనకి ఇంటి ముందున్న ఆరు మెట్లే లోకం. మొదట రెండు, తర్వాత నాలుగు. ఆరూ ఎక్కి దిగి మళ్లీ ఎక్కిన రోజున, "సోమవారం వస్తా, కుర్చీ వేయించు" అన్నాడు. అసలు క్లాసులో ఆ తప్పుని ఆవిడ ఎప్పుడో దిద్దాల్సింది. ఆయన చూశాక దిద్దుదామని ఆగింది.

శనివారం మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు.

ఐదు వారాలు ఆవిడ ఇల్లు కదల్లేదు. కూతురు వచ్చి కొన్నాళ్లుండి వెళ్లింది. ఒంటరిగా ఉన్నప్పుడు చాలాసార్లు ఆవిడ వంటింట్లోకి వెనక్కే నడిచి వెళ్లింది, ఎదురుగా ఎవరూ లేకపోయినా.

ఈలోగా క్లాసు నడపడానికి వచ్చిన అమ్మాయి పనిమంతురాలు. కుంబియాలో తప్పు మొదటిరోజే కనిపెట్టి, ఓపిగ్గా అందరికీ సరిచేసింది. పాపం, ఆ అమ్మాయిని అనడానికేమీ లేదు.

స్టెప్పులక్క తిరిగొచ్చిన రోజున ఒకరొకరే వచ్చి చెయ్యి నొక్కి, వెళ్లి తమ తమ చోట్ల నిలబడ్డారు. మెరెంగే, సల్సా బాగానే గడిచాయి. మూడో పాట కుంబియా. అద్దంలో ముప్ఫై కాళ్లు ఒక్కసారిగా, సరిగ్గా దరువు మీద ఈడ్చుకుంటూ వెళ్లాయి. ఆవిడ కుడి కాలు ఒక్కటే వెనకబడింది.

ఆయన నడక ఇక ఈ లోకంలో ఆ ఒక్క కాల్లోనే మిగిలిందని ఆవిడకి అప్పుడు తెలిసింది. కోడలు గమనించింది. మంచి పిల్ల, టీచరుని ఒంటరిదాన్ని చెయ్యలేక తనూ కాలు ఆపి వేసింది. ఆమెని చూసి పక్కనున్న పళ్ల డాక్టరు కూడా ఆపి వేసింది. ఆవిడ చెయ్యెత్తి ఒక్క సైగ చేస్తే చాలు, ముప్ఫైమందీ మళ్లీ ఆయనలా నడుస్తారు. అలా చెయ్యాలని ఎంతో అనిపించింది. చెయ్యి సగం లేచింది కూడా.

ముందు వరస ఒకలా, మిగతా వరసలు ఇంకోలా పోతుంటే, చివర్న అత్తగారు ఎవరిని చూడాలో తెలీక ఆగిపోయింది. మోకాళ్ల నొప్పుల మనిషి. రెండు కాళ్లూ దగ్గర పెట్టుకుని, ఎటు వెయ్యమంటావన్నట్టు అద్దంలో టీచరు ముఖంలోకి చూస్తోంది.

స్టెప్పులక్క చెయ్యి దించేసింది. ఏడుపు ఆపుకోలేదు, చెమటలో ఎవరికీ తెలీదు. వేళ్లతో లెక్క చూపించింది. ఒకటి, రెండు, మూడు. నాలుగుకి తన కుడి కాలుని ఎవరి కోసమూ ఆపకుండా, దరువు మీద వెనక్కి లాగింది. ఎదురుగా నడిచి వస్తున్న ఆయన చేతులు తనే వదిలేసినట్టయింది. అత్తగారు హమ్మయ్యనుకుని కాలు కలిపింది. పాట అయ్యేదాకా స్టెప్పులక్క ఇంక ఒక్క అడుగు కూడా తప్పు వెయ్యలేదు.