మౌసు ముట్టని టీచరు

ఆ బడిలో లెక్కల టీచరుకు పిల్లలు పెట్టిన పేరు ‘చేతులు కట్టుకున్న టీచరు’. బద్ధకం అనుకునేరు, అది నియమం.

ఆరేళ్ళ కిందట ఆవిడ కంప్యూటరు శిక్షణకు వెళ్ళింది. మౌసు ఎటు జరపాలా అని ఆలోచిస్తూండగానే, శిక్షకుడు వెనకనుంచి చెయ్యి చాపి, అది లాక్కుని, చిటికెలో అంతా చేసేసి, ‘‘ఇంతే మేడమ్, చాలా ఈజీ’’ అన్నాడు. మూడు రోజులూ అదే తంతు. సర్టిఫికెట్టు ఆవిడతో ఇంటికొచ్చింది. విద్య అతని చేతిలోనే ఉండిపోయింది. తర్వాత కిందా మీదా పడి సొంతంగా నేర్చుకుంది. తోటి టీచర్లకు నేర్పే బాధ్యత నెత్తిన పడ్డ రోజున ఒట్టు పెట్టుకుంది: నేర్చుకునేవాళ్ళ మౌసు ప్రాణం పోయినా ముట్టను. ఒట్టు మీద చేతులకు అంత గురి లేదు కనక, వాటిని వెనక్కి కట్టేసేది.

‘‘ఆ నియమం ఇంటిదాకా తేకు తల్లీ,’’ అన్నాడు టైలరు పని చేసే మొగుడు. ‘‘చొక్కాలు ఎలాగూ నేనే కుడుతున్నా, ఇక పొయ్యి కూడా నన్నే ముట్టించమంటావ్.’’

అలా నలుగురిని దారిలో పెట్టింది. ఐదో శిష్యుడు పెద్ద మాస్టారు. ముప్పై ఏళ్ళుగా పదో తరగతికి లెక్కలు చెబుతున్న మనిషి. సుద్దముక్కతో సున్నా చుడితే వృత్తలేఖిని తలదించుకోవాలి. మౌసును మాత్రం బొద్దింకను పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. తనిఖీ అధికారి ముందు కంప్యూటరుతో పాఠం చెప్పలేకపోతే పదో తరగతి తీసేసి, లైబ్రరీ బీరువా తాళాలు చేతిలో పెడతామని పైనుంచి కబురొచ్చింది. గడువు మూడు వారాలు. తెర మీద గీసి చెప్పాల్సిన పాఠం త్రిభుజాలు.

‘‘అమ్మాయ్, ఈ గీత అతకడం లేదు. కాస్త నువ్వు నొక్కిపెట్టు.’’

‘‘నేను నొక్కను మాస్టారూ. బిందువు మీదకు వెళ్ళాక మీరే నొక్కండి.’’

‘‘నీకన్నా రాయి నయం. కాగితాలు ఎగిరిపోకుండానైనా పనికొస్తుంది.’’

‘‘రాయికి ఓపిక కూడా ఎక్కువే మాస్టారూ. మళ్ళీ గీయండి.’’

మొదటి వారం గీసిన త్రిభుజాల్లో ఒక్కటీ మూసుకోలేదు. రెండో వారం మాస్టారు దారి తప్పి ఏదో మెనూలోకి వెళ్ళి, అక్కడున్న మీటలన్నీ నొక్కి చూసి, బయటపడడానికి పావుగంట తంటాలు పడ్డాడు. ఆవిడ గోడలా నిలబడింది. మూడో వారం త్రిభుజం చెప్పిన మాట వింది.

తనిఖీ రోజు వచ్చింది. త్రిభుజాన్ని ఎటు సాగదీసినా మూడు కోణాల మొత్తం నూట ఎనభయ్యే అని చెప్పి, మాస్టారు ఒక మూల పట్టి దర్జాగా లాగాడు. తెర మీద 54, 63, 64 అని పడింది. ముందు బెంచీ పిల్ల గబగబా కూడింది. ‘‘నూట ఎనభై ఒకటి వచ్చిందండీ!’’

అధికారి పెన్ను మూత తీశాడు.

వెనక నిలబడ్డ టీచరుకు సంగతి తెలుసు. యంత్రం దశాంశాలు మింగేసి పూర్ణాంకాలు చూపిస్తోంది. ఏడడుగులు వేసి ఒక్క నొక్కు నొక్కితే మాస్టారు గట్టెక్కుతాడు. కుడిచెయ్యి బయల్దేరింది. ఎడమచెయ్యి దాని మణికట్టు పట్టుకుంది.

మాస్టారు ఆవిడవంక చూశాడు. ఆవిడ తలైనా ఊపలేదు. ఆయన పిల్లలవైపు తిరిగాడు.

‘‘సిద్ధాంతం ఒకటి చెబుతోంది, ఈ పెట్టె ఒకటి చెబుతోంది. అబద్ధం ఎవరిదర్రా?’’

‘‘పెట్టెదే!’’

‘‘అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం కక్కిద్దాం.’’

ఆవిడ ఎన్నడూ చూపించని మెనూ అది. రెండో వారం దారి తప్పిన చోటికే మాస్టారు ఇప్పుడు దారి తెలిసి వెళ్ళాడు. 53.6, 62.7, 63.7. పిల్లలు కూడారు. నూట ఎనభై. ఒకడు చప్పట్లు కొట్టి, అధికారిని చూసి ఆపేశాడు.

‘‘ఎవరు నేర్పారండీ?’’ అన్నాడు అధికారి.

‘‘అదిగో, ఆవిడ.’’ మాస్టారు గది వెనక్కి చెయ్యి చూపించాడు. ‘‘మూడు వారాల్లో ఒక్కసారి కూడా సాయం చెయ్యలేదండీ.’’

పదో తరగతి మాస్టారి దగ్గరే ఉండిపోయింది. విన్నది విన్నట్టు రాసే అధికారి తన నివేదికలో ‘శిక్షకురాలు ఎటువంటి సాయమూ చేయలేదు’ అని రాశాడు. టీచరు ఆ సాయంత్రమే దాని నకలు తీయించి ఇంటికి పట్టుకెళ్ళింది. ఎర్రగా గోళ్ళు దిగిన ఆవిడ మణికట్టు చూసి, కాగితం చదివి, మొగుడు కత్తెర పక్కన పెట్టాడు.

‘‘దీనికి ఫ్రేము కట్టించాలే,’’ అన్నాడు. ‘‘మేకు నేను కొడతాలే, నువ్వు చేతులు కట్టుకో.’’