లోపాలు చెప్పే సుభాని గారు

ఏలూరులో ఇళ్ళ బ్రోకర్లు ఎందరున్నా, తాళం తీయకముందే ఆ ఇంటి లోపాలు చెప్పేసే బ్రోకరు సుభాని గారొక్కరే. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ మొదలుపెడితే పెరట్లో కుళాయి దాకా ఆపరు. అదీ చాలా మర్యాదగా, విందుకొచ్చినవాళ్ళకి వంటకాలు చెప్పినట్టు చెబుతారు. ఆయన స్కూటరు కనబడితే తోటి బ్రోకర్లు పక్క సందులోకి తిరిగిపోయేవారు.

కలిదిండి నుంచి రోజూ బస్సులో వచ్చి ఏలూరు హైస్కూల్లో లెక్కలు చెప్పే రాజకుమారి టీచరుకి ఈ సంగతి తెలియదు. జూన్‌లో కూతురు హర్షిణిని ఇక్కడ ఇంటర్లో చేర్చాలి. ఆలోగా చిన్న ఇల్లు కొనాలి. భర్త హేమంత్‌కుమార్ రొయ్యల చెరువులు వదిలి రాలేడు గనుక ఇళ్ళ వేట ఆవిడ మీదే పడింది. అప్పటికే ఒక బ్రోకరు బంగారంలాంటి స్థలమని చూపించి అడ్వాన్సు ఇప్పించాడు. తీరా చూస్తే అది మట్టితో పూడ్చిన చేపల చెరువు. ఆ అడ్వాన్సు వెనక్కి రాబట్టేసరికి ఆర్నెల్లు పట్టింది. బ్రోకరన్న మాట వింటేనే ఆవిడకి ఒళ్ళు మండేది. తోటి టీచరు క్యాథరిన్ మాత్రం సుభాని గారి నంబరిచ్చి, "ఈయన దగ్గర ఇల్లు దొరుకుతుందో లేదో చెప్పలేను గానీ మోసం మాత్రం దొరకదు" అంది.

మొదటి ఇంటి ముందు స్కూటరు ఆపి సుభాని గారు, "చాలా మంచి ఇల్లండీ, వానాకాలం తప్ప" అన్నారు. రెండో ఇంట్లో పక్కింటాయన గురక గోడలోంచి వినిపిస్తుందని, అలవాటైతే ఫరవాలేదని చెప్పారు. మూడో ఇంటి కాగితాల్లో అన్నదమ్ములు ముగ్గురున్నారు, సంతకం పెడతామంటున్నవాళ్ళు ఇద్దరే. నాలుగో ఇంటి ఓనరు ఆయన వర్ణనంతా కిటికీలోంచి విని, తెస్తున్న కాఫీ గ్లాసులు మళ్ళీ లోపలికి పట్టుకుపోయాడు.

రాజకుమారికి మొదట విసుగేసింది. తర్వాత నవ్వొచ్చింది. ఐదో ఇంటి నుంచి ఆయన చెప్పేవన్నీ నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టింది. ఆరో ఇంట్లో ఆయన చెప్పకముందే గోడ చెమ్మ తనే కనిపెట్టేసింది. సుభాని గారు మురిసిపోయారు.

ఏడో ఇల్లు వెంకట్రాజు గారిది. ప్రింటింగ్ ప్రెస్సు నడిపి, రెండేళ్ళ కిందట మూసేసిన పెద్దాయన. ఇల్లంతా చూపించారు. గాలి, వెలుతురు, నీళ్ళు, అన్నీ బాగున్నాయి. సుభాని గారు మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. గేటు దాటి బయటికొచ్చాక రాజకుమారి ఇక ఉండబట్టలేక, ఇందులో అంత చెప్పలేని లోపం ఏముందని అడిగింది.

"ఇంటికేం లోపం లేదండీ. లోపమల్లా ధరలో ఉంది" అన్నారాయన. "నాలుగు లక్షలు తక్కువ చెప్పారు. వాళ్ళావిడకి గుండె ఆపరేషను. ఆ కంగారులో చెప్పేశారు."

రాజకుమారి ఆయన వైపు తిరిగింది. "మీరు నా బ్రోకరా, ఆయన బ్రోకరా?" అంది.

"ఇద్దరికీ బ్రోకర్నేనండీ. ఇద్దరి దగ్గరా కమీషన్ పుచ్చుకుంటాను కదా. ఇద్దరికీ నిజం చెప్పాలి."

ఆ సాయంత్రం కలిదిండి బస్సులో ఆవిడ దారి పొడుగునా కోపంగానే కూర్చుంది. తక్కువ ధరకొచ్చే ఇల్లు చేతికందేలోపే చేజారిపోతోంది. ఈ మాట చెప్పకపోతే ఈయన సొమ్మేం పోయింది? కానీ చెరువు స్థలం బ్రోకరు చెప్పకుండా దాచిన ఒక్క మాటకి తను ఎన్ని రాత్రులు నిద్రపోలేదో గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి భర్తతో మాట్లాడింది. కష్టపడితే ఇంకో రెండు లక్షలు సర్దగలరు, నాలుగు మాత్రం వాళ్ళ వల్ల కాదు.

మర్నాడు వెంకట్రాజు గారికి ఆ మాటే చెప్పి, తమకి జూన్ దాకా ఇల్లు అక్కర్లేదు కాబట్టి అమ్మగారు కోలుకునేదాకా అద్దె లేకుండా ఇక్కడే ఉండమంది. పెద్దాయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నారు.

రిజిస్ట్రేషనైంది. ఆపరేషనూ బాగా జరిగింది. సుభాని గారు రోజు విడిచి రోజు విజయవాడ ఆసుపత్రికెళ్ళి, ఆ క్యాంటీన్ ఇడ్లీలో లోపాలు చెప్పి రోగిని నవ్వించి వచ్చేవారట.

జూన్ మొదటివారంలో ఆ దంపతులు తాడేపల్లిగూడెంలో పెద్దాయన చెల్లెలి ఇంటి పక్కకి మారిపోతున్నారు. తాళాలు ఇస్తూ వెంకట్రాజు గారి భార్య సాయిదుర్గ గారు రాజకుమారి చెయ్యి పట్టుకున్నారు.

"మీకంటే ముందు ముగ్గురొచ్చారమ్మా. ధర తక్కువని సుభాని గారు చెప్పగానే, ఇంకా తగ్గించమని ఒకాయన, నోరు మూసుకోమని ఇంకొకాయన. మూడో ఆయన మళ్ళీ కనబడలేదు. ఆ తర్వాత ఓ రోజు సుభాని గారొచ్చి, లోపాలు చెబుతుంటే విసుక్కోకుండా పుస్తకంలో రాసుకునే టీచరమ్మ దొరికింది, ఆవిడకి నిజం చెప్పినా నిలబడుతుంది, కాస్త ఓపిక పట్టండి అన్నారు."

రాజకుమారి తెల్లబోయింది. "నాకు ఇల్లు వెతుకుతున్నారనుకున్నానండీ."

"మాకు మిమ్మల్ని వెతికారమ్మా."

సామాను లారీ ఎక్కిస్తున్న సుభాని గారి దగ్గరికి రాజకుమారి గబగబా వెళ్ళింది. థాంక్స్ చెబుదామనే అనుకుంది. తీరా, "అయితే ఆ ఆరిళ్ళూ నన్ను పరీక్ష చేయడానికే చూపించారా?" అని అడిగింది.

సుభాని గారు నొచ్చుకున్నారు. "ఎంతమాటండీ. అవి నిజంగానే బాగోవు."