కందకంలో నా చేను మట్టి

చేవెళ్లలో నాకు విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. మొయినాబాద్ రోడ్డు నుంచి లోపలికి వెళ్తే వచ్చే మా ఊళ్లో, కుంటకు ఎగువన వాలులో రెండెకరాల ఎర్రమట్టి చెల్క, అంటే మెట్ట చేను కూడా ఉంది. వీధి దీపం వెలగకపోయినా, బస్సు ఆపకుండా వెళ్లిపోయినా, పెళ్లిలో నన్ను రెండో పంక్తిలో కూర్చోబెట్టినా నేను మరచిపోను. మొదటి రెండింటికీ అర్జీ పెడతాను. మూడోదానికి అర్జీ తీసుకునే ఆఫీసు లేదు కాబట్టి మనసులోనే ఉంచుకుంటాను.

ఇప్పుడు రాస్తున్నది నేను పెట్టకుండా ఉండాల్సిన అర్జీ గురించి.

ఆ ఏడాది గ్రామసభలో ఉపాధి హామీ కింద ఏ పనులు అడగాలన్న చర్చ వచ్చింది. మా ఊరి మేటు లేచింది. మేటు అంటే కూలీల హాజరు రాసి, పని కొలత చూపించే మనిషి. నలభై ఏళ్ల ఆడమనిషి, గొంతు గట్టిది. ముందు కుంట పైన వాలంతా కందకాలు తవ్వుదాం, కొట్టుకొచ్చే మట్టి అక్కడే ఆగుతుంది, ఆ తర్వాత కుంటకు నీళ్లు తెచ్చే పాటుకాలువ బాగు చేయడానికి నిధులు అడుగుదాం అంది. ఫామ్‌హౌస్‌ల గోడలు లేచాక ఆ కాలువ సగం పూడిపోయింది. కుంట నిండితేనే కింది బోర్లలో నీళ్లు. పూలు, ఆకుకూరలు వేసేవాళ్లంతా ఆ బోర్ల మీదే బతుకుతారు. అందులో ఆమె అరెకరం కూడా ఉంది.

నేను లేచి, మట్టి పనులు ఎప్పుడూ ఉండేవే, ముందు మా గల్లీకి సిమెంటు రోడ్డు వేయించండి అన్నాను.

ఆమె నావైపు తిరిగింది. "సేటూ, గొడుగు పట్టుకొని గట్టు మీద నిలవడుటే గాని నువ్వెన్నడన్న పార వట్టినవా? మట్టి ముట్టనోనికి మట్టి ముచ్చటెందుకు? జర కూసో."

సభ సభంతా నవ్వింది. నా దుకాణంలో ఉద్దెర తీసుకునేవాళ్లు కూడా నవ్వారు. నేను కూర్చున్నాను. ఎవరెవరు నవ్వారో ఇప్పుడు అడిగినా వరసగా చెప్పగలను.

ఎండాకాలంలో కందకాలు తవ్వారు. రెండడుగుల లోతు అని పని దగ్గర బోర్డు పెట్టారు. వానలు మొదలై నాలుగైదు గట్టిగా పడ్డాక, ఒక పొద్దున దుకాణంలోని టేపు తీసుకుని ఒక్కడినే వెళ్లాను. టేపు వదిలి చూస్తే అడుగు కూడా లేదు. రెండోది అంతే, మూడోదీ అంతే. నాకు సంతోషమైంది. అంత సంతోషం నా కూతురు పెళ్లిలో కూడా కలగలేదు. టేపు పెట్టి, అంకె కనబడేలా ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. కందకంలోకి దిగినప్పుడు నా కాలు మడమ దాకా దిగబడింది. తవ్విన నేల గట్టిగా ఉంటుంది, అలా దిగబడదు. పక్కనే మట్టిలోంచి వెండిరంగు ప్లాస్టిక్ పీలిక ఒకటి బయటికొచ్చి ఉంది. అది కలుపు రాకుండా మొక్కల మొదళ్ల చుట్టూ నేల మీద పరిచే మల్చింగ్ షీటు. ఆ వాలులో టమాటకు మల్చింగ్ పరిచింది నేనొక్కడినే. ఫొటోలో పడకుండా ఆ పీలికను చెప్పుతో పక్కకు నెట్టాను. ఎందుకు నెట్టానో ఆ క్షణం ఆలోచించలేదు. ఆలోచించకుండా జాగ్రత్త పడ్డాను అనడం నిజం.

సోమవారం సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇచ్చాను. కందకాలు సగం లోతే తవ్వి పూర్తి కొలత చూపించారని, మేటు మీద విచారణ జరపాలని రాశాను. నా చేతిరాత బాగుంటుంది. తీసుకున్న గుమాస్తా, "సేటు అర్జీ అంటే అచ్చు గుద్దినట్టే ఉంటది" అన్నాడు. దానికీ మురిసిపోయాను.

వారం తిరగకుండా ఆమెను పక్కన పెట్టారు. విచారణ తేలేదాకా మా ఊళ్లో మట్టి పనులన్నీ ఆపేశారు. పాటుకాలువ ప్రతిపాదన బల్ల మీదే ఉండిపోయింది. ఆ ఏడాది గడిచేసరికి ఆ నిధులు వేరే ఊరికి వెళ్లాయి. మా ఊళ్లో ఆమెను 'మట్టి తిన్న మేటు' అనడం మొదలుపెట్టారు. ఆ మాట నేను పుట్టించలేదు. కానీ నా దుకాణంలో ఎవరో అన్నప్పుడు ఊరుకున్నాను. ఆమె చందనవెల్లిలో ఒక కంపెనీకి బస్సెక్కి వెళ్లడం మొదలుపెట్టింది. ఆ వేసవికి కింది బోర్లు ఒక్కొక్కటే గాలి కక్కాయి. ఆమె అరెకరంలో బంతి తోట నిలువునా ఎండింది.

విచారణకు ఇంజనీరు వచ్చేసరికి మళ్లీ వానాకాలం దగ్గర పడింది. పది మంది పోగయ్యారు. ఆమె కూడా ఆ రోజు పని మానుకుని వచ్చి, దూరంగా నిలబడింది. నేను టేపు, ఫొటోలు పట్టుకుని ముందే ఉన్నాను. ఇంజనీరు ఫొటోలు చూడనే లేదు. ఒక కూలీకి గడ్డపార ఇచ్చి కందకం మధ్యలో తవ్వమన్నాడు. పైన మెత్తటి ఎర్రమట్టి పెళ్లలు పెళ్లలుగా లేచింది. అడుగుకు పైగా దిగాక గడ్డపార అడుగునున్న గట్టి మొరానికి తగిలి టంగుమంది. టేపు వదిలారు. రెండడుగుల మీద రెండు వేళ్లు ఎక్కువే ఉంది.

"ఎప్పుడు కొలిచిర్రు సార్?" అన్నాడు ఇంజనీరు.

"వానలు పడ్డంక."

"కందకం తవ్వేదే మట్టిని పట్టుటానికి సార్. పట్టింది, నిండింది. మంచిగ పని చేసిందని ఫిర్యాదు వెట్టిర్రు మీరు."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది. తవ్విన పెళ్లల్లో వెండిరంగు పీలికలు మెరుస్తున్నాయి.

ఆమె ఉన్నచోటి నుంచే అంది. "ఎవరి చేను మట్టో జర సూడుర్రి సార్. మేం తవ్వకుంటే కుంటల వడుతుండె."

నా దుకాణంలో ఎరువు కొనేవాళ్లకు మట్టి గురించి చెప్పే మనిషిని నేను. తల నొప్పిగా ఉందని చెప్పి వచ్చేశాను.

కొలత సరిగ్గానే ఉందని ఇంజనీరు నివేదిక రాశాడు. అయినా అప్పటికే మట్టివి కాని మిగతా పనులకు వేరే మేటును పెట్టేశారు. 'మట్టి తిన్న' అన్న మాట నివేదికతో పోలేదు. ఒక ఆదివారం ఆమె వెళ్లే చర్చి బయట నిలబడ్డాను. ప్రార్థన అయి అందరూ చెప్పులు వేసుకుంటుంటే ఆమె దగ్గరికి వెళ్లాను.

"బిడ్డా, తప్పయింది" అన్నాను, మెల్లగా.

ఆమె చెప్పు వేసుకోవడం పూర్తి చేసింది. "ఏం సేటూ, గింత మెల్లగ అంటున్నవు? అర్జీ గిట్ల మెల్లగ రాసినవా? నలుగుర్ల వోగొట్టినవు నా పేరు. నలుగుర్లనే చెప్పు. ఈడ వద్దు."

తర్వాతి గ్రామసభకు చెప్పాలనే వెళ్లాను. నా వంతు వచ్చినప్పుడు డ్రైనేజీ గురించి మాట్లాడి కూర్చున్నాను. నన్ను చూసి ఒకసారి నవ్విన జనం ముందు మళ్లీ నిలబడలేకపోయాను. ఆమె ఆ రోజు రాలేదు. రాలేదు కదా అని నాకు నేను సాకు చెప్పుకున్నాను. ఇంటికి వెళ్లాక ఆ సాకు గంట కూడా నిలవలేదు.

ఆ తర్వాతి సభకు ఆమె టిఫిన్ సంచితో బస్సు దిగి నేరుగా వచ్చి, వెనక గోడకు ఆనుకుని నిలబడింది. నేను లేచాను. కందకాల కొలత సరైనదే, నా అర్జీ తప్పు అన్నాను. అంతటితో ఆపుదామనుకున్నాను. గోడ దగ్గర ఆమె కదలకుండా చూస్తోంది. కొలిచిన రోజే నాకు అనుమానం వచ్చిందని, షీటు పీలికను కాలితో నెట్టి ఫొటో తీశానని కూడా చెప్పాను. ఆమె నన్ను కూర్చోమన్నందుకే అదంతా చేశానన్నాను.

ఎవరో అందుకున్నారు. "ఓర్నీ, సేటు తన మీద తనే అర్జీ వెట్టుకున్నడు!" సభంతా గొల్లుమంది. పోయినసారి కంటే ఎక్కువ నవ్వారు.

ఆమె నవ్వలేదు. పంచాయతీ కార్యదర్శితో, "సార్, తీర్మానంల రాయుర్రి. ఉత్త మాట గాలికి వోతది. కొలత సక్కగున్నదని రాయుర్రి, పాటుకాలువ పైసలు మల్ల అడుగుతున్నమని రాయుర్రి. ఇగ సేటు సంతకం వెట్టిండని రాయుర్రి" అంది.

మొదటి సంతకం నాదే. అది నా చేతిరాతలా రాలేదు. ఆమె వచ్చి చదువుకుని, కింద తన సంతకం పెట్టి, సంచి తీసుకుని వెళ్లిపోయింది. మేటు పని మళ్లీ అడగలేదు. కాలువకు నిధులు వస్తాయో రావో ఇంకా తెలియదు. మండల ఆఫీసుకు వెళ్లి అడుగుతూనే ఉన్నాను. నన్ను చూడగానే అక్కడివాళ్లు ముఖం తిప్పుకుంటారు. వాళ్ల తప్పు లేదు.

ఆ ఫొటోలు ఫోన్‌లో అలాగే ఉన్నాయి. పెద్దది చేసి చూస్తే ఒకదానిలో మూలన, నా చెప్పు కొన కింద వెండి రంగు గీత కొంచెం కనబడుతుంది. అంత జాగ్రత్తగా నెట్టినా మిగిలింది. 'మట్టి ముట్టనోడు' అన్న ఆమె మాట మరచిపోయానని చెబితే మాత్రం అబద్ధం. ఇంకా గుచ్చుకుంటుంది. గుచ్చుకున్నప్పుడు ఆ ఫొటో తీసి చూసుకుంటాను.