పాత కాగితంలో కొత్త సబ్బు

1983లో హోసూరులోని ఒక చిన్న బట్టల సబ్బుల ఫ్యాక్టరీలో జూనియర్ కెమిస్టుగా చేరాను. ప్రతి బ్యాచ్ నుంచి ఒక బిళ్ళను చీల్చి, కోసిన చోట ఫినాఫ్తలీన్ చుక్క వేసేవాణ్ణి. గులాబీ రంగు తేలితే సబ్బులో కాస్టిక్ సోడా మిగిలినట్టే; అది చేతులను కాలుస్తుంది. రంగు రాకపోతేనే విడుదల పత్రం మీద సంతకం పెట్టాలి.

మరుసటి ఏడు దగ్గరలోని అత్తిముగం అనే ఊరి నుంచి ఫిర్యాదు వచ్చింది. మా సబ్బుతో మునెమ్మ అనే ముసలావిడ చేతులు పుండ్లయ్యాయట. ఆమె చూపించిన సబ్బు కాగితం మీది నంబరు నేను సంతకం పెట్టిన బ్యాచ్‌దే. ఆ ఊరు వెళ్ళి పరీక్షించమని, తప్పు మనదని తేలితే రాజీనామా రాసుకుని రమ్మన్నాడు వర్క్స్ మేనేజరు.

మునెమ్మది గొర్రెలు కాసే కుటుంబం. పగిలిన అరచేతులు నా ముందు చాపింది.

“పదేండ్లుగా మీ సబ్బే వాడతా ఉండానప్పా. కొత్త బిళ్ళ వస్తే నాలిక్కి తాకించి చూస్తాను. ఈసారి సుర్రుమనింది. కాగితం మీ కంపెనీదే కదా, మీరే చెడిపోయినారనుకున్నాను.”

అరిగిన బిళ్ళను చీల్చి చుక్క వేశాను. ముదురు గులాబీ!

నియమం ప్రకారం రెండో బిళ్ళ కూడా చూడాలి. వాడనిది ఉంటే ఇమ్మన్నాను. మునెమ్మ మనవరాలు రత్న, పదో తరగతి పిల్ల, అవ్వ వైపు ఒకసారి చూసింది. చివరికి రాగుల డబ్బా వెనకనుంచి ఒకటి తెచ్చింది. ఆకుపచ్చ కాగితం, మల్లె వాసన, మరెవరిదో పేరు.

“సంతలో రెండు కొన్నాను సార్, వాసన బాగుండాదని. అవ్వ వేరేది ముట్టదు. అందుకే మొదటి బిళ్ళని మీ పాత సబ్బు కాగితంలో చుట్టి పెట్టినాను.”

దాని మీదా చుక్క గులాబీ అయింది. పట్టలేక నవ్వేశాను. అంత హాయిగా నవ్వి ఎన్నాళ్ళయిందో! మునెమ్మ మనవరాలి వైపు ఉరిమి చూసింది.

“నాలిక ముందే చెప్పింది. కాగితాన్ని నమ్మినాను చూడు, నాదే తప్పు.”

ఇకనైనా మా సబ్బు వాడమ్మా అన్నాను రత్నతో.

“మీ దాంట్లో వాసన లేదు కద సార్. వచ్చే సంతలో ఇంకోటి చూస్తాను,” అంది.

బ్యాచ్‌లో దోషం లేదని నివేదిక రాశాను. ఉద్యోగం నిలిచింది. వాసన లేదన్న రత్న మాట రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. సబ్బు మంచిదని నా సంతకం హామీ ఇచ్చేది. దాన్ని మునెమ్మ తరం దాటాక ఎవరు కొంటారో ఆ సంతకానికి తెలియదని అత్తిముగంలో నేర్చుకున్నాను.